ఆషాఢం గాలిలో నాలుగు ఆదివారాలు

జూన్ 26, గురువారం. సాయంత్రం 6.40

ఈ రోజు ఆషాఢం మొదలైంది. నా డైరీ కూడా. రోజుకు పది వాక్యాలు రాయండి, ఏమీ జరగకపోయినా రాయండి అన్నారు మా తెలుగు మేడం. మా ఇంట్లో ఏమీ జరగని రోజంటూ ఉండదని ఆవిడకు తెలియదు.

విషయం ఇది. మా ప్రవీణక్క పెళ్ళి మేలో అయింది. కొత్త కోడలు కాబట్టి ఆషాఢమంతా పుట్టింట్లో, అంటే మదీనాగూడలో మాతో ఉంటుంది. మధుకర్ బావ నిజాంపేటలో వాళ్ళింట్లో ఉంటాడు. బండి మీద పావుగంట దూరం. అయినా రాకూడదు. ఈ నెలలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదట. (అక్కా బావా గచ్చిబౌలిలో ఒకే ఆఫీసు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒకే బల్ల మీద తింటారు. అది అందరికీ తెలుసు. ఎవరూ తెలిసినట్టు ఉండరు.)

అసలు చిక్కు గడప కాదు, పులుసు. పెళ్ళైన మర్నాడు విందులో అమ్మ తణుకు పద్ధతిలో బెల్లం వేసి ముక్కల పులుసు తనే కాచింది. బావ రెండు ముద్దలు తిని, ఇరవై మంది చుట్టాల ముందు "జర తీపెక్కువైంది అత్తమ్మా" అన్నాడు. వాళ్ళింట్లో అది మామూలు మాటేనట. తణుకు చుట్టాలు మాత్రం విస్తళ్ళలోంచి తలలెత్తారు. ఆ రోజు నుంచి అమ్మ బావని ఒక్క మాట కూడా అనలేదు. మర్యాద చేయడం మొదలుపెట్టింది. బావ పక్కనే నిలబడి ఉంటాడు, అమ్మ నా వైపు తిరిగి, "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో కనుక్కో" అంటుంది.

నిన్న అక్క బట్టలు సర్దుకుంటూ నాతో అంది: "శ్రావణంలో నేను వెళ్ళేలోపు అమ్మా ఆయనా ఒక్కపూట కూర్చుని కలిసి తినాలే రసా. లేకపోతే జన్మంతా గుమ్మం దగ్గర నమస్కారాలతో సరిపెట్టేసుకుంటారు."

నవ్వుతూనే అంది. కానీ మడతపెట్టిన చీరనే మూడుసార్లు మడతపెట్టింది.

అప్పుడు తట్టింది నాకు. మేడ. మేడకి గడప ఎక్కడిది? అక్కకి ఆఫీసులో ఐదేళ్ళు నిండినందుకు ఇచ్చిన బార్బెక్యూ గ్రిల్లు అట్టపెట్టెలోనే ఉంది. ఆదివారం సాయంత్రం, ఐదంతస్తుల పైన, ఆకాశం కింద, నిప్పుల చుట్టూ కుటుంబం. అమ్మ ఎంతసేపు మర్యాదగా ఉండగలదో చూద్దాం.

సంకల్పం: ఆషాఢంలో నాలుగు ఆదివారాలూ మేడమీద గ్రిల్లు. శ్రావణం వచ్చిందంటే మా ఇంట్లో నెలంతా మాంసం ఉండదు కాబట్టి ఇదే గడువు.

నియమాలు:
1. బొగ్గులే. గ్యాసు, కరెంటు నిషేధం.
2. బయటినుంచి తెప్పించడం నిషేధం.
3. సగంలో వంటింట్లోకి పట్టుకెళ్ళడం నిషేధం.
4. ఎవరూ పులుసు ఊసెత్తరాదు.

జూన్ 28, శనివారం

మేడమీది ఇనప తలుపు కింద జానెడు ఎత్తున సిమెంటు దిమ్మ ఉంది. గడప అవునా కాదా? నాన్న నీటిపారుదల శాఖలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు (అమ్మ ఇంకా ఆఫీసుకు వెళ్తోంది). పైకి వచ్చి, వంగి చూసి, తీర్పు చెప్పారు. "ఇది వాన నీళ్ళు లోపలికి రాకుండా కట్టిన గట్టు. గడప కాదు."

అమ్మ ఒప్పుకోలేదు. కాసేపు వాదన. రాజీ: బావ బి బ్లాకు మెట్ల మీదుగా వస్తాడు, అమ్మ ఎ బ్లాకు మెట్ల మీదుగా. అప్పుడు గట్టయినా గడపైనా ఇద్దరూ ఒకటే దాటినట్టు కాదు.

బొగ్గులు తెచ్చాను. సంచి మోస్తూ వాచ్‌మన్ సాయిలు అడిగాడు.

"ఏంది బిడ్డా, ఇస్త్రీ బండి పెడుతున్రా?"

గ్రిల్లు సంగతి చెప్పాను. ఆయన మెడ ఎత్తి మేడవైపు చూశాడు. "గీ నెలల గాలి ఎట్లుంటదో ఎరుకేనా? పైన బట్టలే నిలబడయి. నిప్పు నిలబడ్తదా?"

నిలబడుతుంది. రేపటి కోసం ఒక మాట నేర్చుకున్నాను. బొగ్గు 'అంటుకోదు', 'రాజుకుంటుంది'. ఎంత నెమ్మదైన మాట. పలుకుతుంటేనే అంచున ఎర్రబడుతున్నట్టు ఉంది.

జూన్ 29, మొదటి ఆదివారం

4.30. చికెన్ ముక్కలు పుల్లలకు గుచ్చాను. ముప్ఫై రెండు పుల్లలు. చూడ్డానికే పండగ.
5.05. బావ బి బ్లాకు వైపు నుంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పూలు. పూలు ఎవరికని అడిగితే "అత్తమ్మకి" అన్నాడు.
5.10. మొదటి అగ్గిపుల్ల.
5.25. ఇరవయ్యో అగ్గిపుల్ల. రెండు ఎత్తైన భవనాల మధ్య సందులోంచి గాలి నేరుగా మా మేడ మీదికే వస్తోంది. ఎవరో పంపినట్టు.
5.40. అగ్గిపెట్టె ఖాళీ. రెండో పెట్టె.
5.50. రాజుకున్నాయి. కానీ ఒక వైపే. ఆ వైపు నిప్పురవ్వలు, ఈ వైపు చల్లటి బొగ్గు.
6.05. కాగితం పళ్ళాలు ఎగిరిపోయాయి. ఇరవై నాలుగూ. కొంగల బారులా ముంబై హైవే వైపు.
6.10. పూలు కూడా.
6.20. అమ్మ ఎ బ్లాకు తలుపు దగ్గరికి వచ్చింది. అదే క్షణంలో పొగ మొత్తం అటు తిరిగింది. అమ్మ దగ్గుతూ "అల్లుడుగారిని ఏమీ అనుకోవద్దని చెప్పు" అని నాతో చెప్పి దిగిపోయింది.

బావ నన్ను చూశాడు. "పొగ నా దిక్కు నుంచి పోయిందా అత్తమ్మ మీదికి? నేనే చేసిననుకుంటది చూడు."

7.00. పైన నల్లగా, లోపల గులాబిరంగులో ముప్ఫై రెండు పుల్లలు. బిర్యానీ తెప్పించాం. రెండో నియమం ఈసారికి లెక్కలోకి రాదు, ఎందుకంటే గాలి అసాధారణం. మొదటి ప్రయత్నాన్ని ప్రయత్నమనే అనాలి, వైఫల్యం అనకూడదు.

జూలై 2, బుధవారం

పరిశోధన. గాలికి అడ్డం కావాలి. బావ వాళ్ళింటి వెనక రేకు ఉందట, తెస్తానన్నాడు. ఫోన్‌లో గాలి వేగం చూపించే యాప్ వేసుకున్నాను. ఆదివారం గంటకు 22 కిలోమీటర్లే అంటోంది. ఉత్సాహం.

జూలై 5, శనివారం

రెండు కిలోల చికెన్‌కు పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. ఈసారి రాత్రంతా నానుతుంది. రేపు విజయం.

జూలై 6, రెండో ఆదివారం

7.15, ఉదయం. నాన్న క్యాలెండరు ముందు నిలబడి కళ్ళజోడు సరిచేసుకున్నారు. "రసజ్ఞా, ఇవాళ తొలి ఏకాదశి."

ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది. అందులో రెండు కిలోల చికెన్. పక్కన అమ్మ. తలస్నానం చేసి, ఉపవాసంతో.

"నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు."

"మరి నిన్న చెప్పలేదేం?"

"ఎవరైనా అడిగారా? మేడమీద మీ సొంత పంచాంగం ఏదో నడుస్తోందనుకున్నాను."

చికెన్ ఫ్రీజరులోకి. కొత్త పథకం: చిలగడదుంపలు, మొక్కజొన్న పొత్తులు. గ్రిల్లుకి ఏకాదశి లేదు.

5.15. రేకు నిలబెట్టాం. నేనూ బావా చెరోవైపు పట్టుకున్నాం.
5.20. యాప్ తప్పు. రేకు తెరచాపలా ఉబ్బింది. మేమిద్దరం రేకుతో పాటు నాలుగడుగులు జరిగాం. "ఇడువు, ఇడువు" అన్నాడు బావ. వదిలేశాం. రేకు వాటర్ ట్యాంకుకు కొట్టుకుంది. ఆ చప్పుడుకి కింద కార్లన్నీ కూశాయి.
5.40. బావ వాళ్ళమ్మ చంద్రమ్మ గారు పండగని పేలపిండి పంపారు. జొన్న పేలాలు, బెల్లం. బావ డబ్బా మూత తీశాడు. మూత తీయడమే అతను చేసిన తప్పు. బంగారు రంగు పొడి పైకి లేచి, ఒక్క క్షణం గాల్లో నిలబడి, పోయింది.

నాన్న చేతులు జోడించారు. "గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం."

ఈ సామెత చిన్నప్పటి నుంచి విన్నాను. జరుగుతుండగా చూడటం ఇదే మొదలు. డైరీలో దీన్ని రెండుసార్లు రాసుకోవాలనిపించింది.

6.30. అమ్మ వచ్చింది, ఎ బ్లాకు వైపు నుంచి. కుర్చీ వేశాం, కూర్చుంది. బావ అన్నిటిలోకి మంచి దుంప ఏరి, పొట్టు తీసి, పళ్ళెంలో పెట్టి తనే తెచ్చి ఇచ్చాడు.

అమ్మ నన్ను చూసింది. "ఉపవాసమని అల్లుడుగారికి చెప్పలేదా?"

దుంప నేను తిన్నాను. లోపల పచ్చి.

జూలై 9, బుధవారం

మా పై ఫ్లాట్ జయంతి ఆంటీ అసోసియేషన్ సెక్రటరీ. ఆదివారం ఆవిడ పట్టుచీరలు మేడమీద నీడకు ఆరేశారు. ఇప్పుడు వాటి మీద మా బూడిద. వాట్సాప్ గ్రూపులో సందేశం: 'మేడపై నిప్పు, పొగ, ఎగిరే రేకులు అనుమతించబడవు.'

'ఎగిరే రేకులు' అన్న మాట బాగుంది. అది నా కొత్త మాటల పట్టీలో చేర్చాను. ఇంకేం చేయాలో తోచలేదు.

జూలై 13, మూడో ఆదివారం

గాలి 38 కిలోమీటర్లు. అనుమతి లేదు. బావ వాళ్ళింట్లో బోనాలు. నాకు సెమిస్టరు పరీక్షలు. తలనొప్పి అని కూడా రాద్దామనుకున్నాను, కానీ లేదు. ఎవరూ మేడ ఎక్కలేదు. గ్రిల్లు నా మంచం కింద ఉంది. దాని మీద పుస్తకాలు పెట్టుకున్నాను. చక్కగా సరిపోయాయి.

జూలై 17, గురువారం

అక్క ఆఫీసు నుంచి త్వరగా వచ్చి మొహం కడుక్కోవడానికి చాలాసేపు తీసుకుంది.

"ఇక పిలవొద్దు అన్నాడు రసా."

"ఎవరు?"

"మీ బావ. 'మీ అమ్మకు నేనంటే ఇష్టం లేదు, నేను వచ్చినకొద్ది ఆమెకే పరేషాన్. ఇగ పండగలకు గుమ్మం దాకా వచ్చి నిన్ను దింపి పోత' అన్నాడు. కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. మామూలుగా అన్నాడు."

అంటే సరిగ్గా అక్క మొదట భయపడ్డదే. జన్మంతా గుమ్మం దగ్గర నమస్కారాలు. మంచం కింద నుంచి గ్రిల్లు లాగాను. పుస్తకాలు కింద పడ్డాయి.

జయంతి ఆంటీ ఇంటికి వెళ్ళాను. ఏదో ఒక అబద్ధం చెబుదామనే వెళ్ళాను. కానీ నిజమే వచ్చేసింది, పులుసుతో సహా. ఆంటీ విన్నారు. "మా అల్లుడు నా ఉప్మాకి పేరు పెట్టాడు తెలుసా" అన్నారు. ఆ పేరు మాత్రం చెప్పలేదు. ఆదివారం రెండు గంటలపాటు అనుమతి. చీరలు తీసేస్తారు.

బావకి నేనే ఫోన్ చేశాను. "చివరి ఆదివారం. ఒక్కసారి."

"ఎందుకు మరదలా, ఊకె?"

"నా కోసం."

"నీ కోసమంటే వస్త."

జూలై 20, నాలుగో ఆదివారం

ఇది వెంటనే రాస్తున్నాను, ఒక్క ముక్క కూడా పోకూడదని.

5.00. అందరం పైన, అమ్మ తప్ప. సాయిలు మూడు ఇటుకలు తెచ్చి గాలికి అడ్డం పేర్చాడు. అక్క, నేను చున్నీలు పరిచి పట్టుకున్నాం.
5.30. రాజుకున్నాయి. రెండు వైపులా.
6.10. ఫ్రీజరులోంచి తీసిన చికెన్ ముక్కల నుంచి నూనె కారుతోంది. వాసన. నాన్న కళ్ళు మూసుకున్నారు. నేను పాట అందుకోబోయాను.
6.15. గాలి దిక్కు మార్చింది. ఇటుకలు ఇటు, గాలి అటు. నిప్పు చల్లబడింది. పొగ ఎ బ్లాకు మెట్లు దిగి, ఐదో అంతస్తు దాటి, మలుపు తిరిగి, నేరుగా మా వంటింట్లోకి వెళ్ళిందట.
6.25. అమ్మ తువ్వాలుతో పైకి వచ్చింది. రాగానే గ్రిల్లు కాలు ఒకటి మడుచుకుపోయింది. సగం పుల్లలు బొగ్గుల్లో పడ్డాయి.

అమ్మ ఒక ముక్క తుంచి చూసింది.

"ఎన్నింటికి మొదలుపెట్టారు?"

"ఐదుకి" అన్నాను.

"గంటన్నర. ఇంకా రక్తం కనిపిస్తోంది. ఇది తింటే రేపు అందరూ ఆస్పత్రిలోనే ఉంటారు." పళ్ళెం తీసుకుంది. అన్నీ ఏరి వేసుకుని మెట్లు దిగింది.

మూడో నియమం. అప్పటికి అది గుర్తు రాలేదు కూడా.

బావ వేడిగా ఉన్న గ్రిల్లుని తడిగుడ్డతో పట్టుకుని అమ్మ వెనకే దిగాడు, ఎ బ్లాకు మెట్ల మీద. చేతులు కాలుతున్నాయేమో తొందరలో ఉన్నాడు. మా తలుపు తీసే ఉంది. కుడికాలు గడప మీదికి లేచింది.

"ఆగండి."

అమ్మ గొంతు. లోపలి నుంచి. పెళ్ళైన మర్నాటి నుంచి అమ్మ నేరుగా బావతో అన్న మొదటి మాట అదే. బావ ఒంటికాలి మీద ఆగిపోయాడు. నాన్న వెనకనుంచి వచ్చి గ్రిల్లు అందుకున్నారు. కాలు మెల్లిగా వెనక్కి దిగింది, బయటివైపే.

"అక్కడే కూర్చోండి" అంది అమ్మ.

బావ మెట్టు మీద కూర్చున్నాడు. వెళ్ళిపోతాడేమోనని అక్క పక్కనే కూర్చుంది. లోపల గ్యాసు వెలిగిన చప్పుడు. ఇనప మూకుడు, ఉల్లిపాయలు, కరివేపాకు. ఇరవై నిమిషాల్లో, నాలుగు ఆదివారాలు మేము చేయలేకపోయింది, వేపుడు.

అమ్మ ఒక పళ్ళెం గడప మీదుగా బావకి అందించింది. తర్వాత, ఎందుకో, తన పళ్ళెం కూడా తెచ్చుకుని ఇవతల నేల మీద కూర్చుంది. నిలబడి నిలబడి కాళ్ళు లాగాయని తర్వాత చెప్పింది. అవతల బావ, ఇవతల అమ్మ. మధ్యలో పసుపు రాసిన గడప.

బావ ఒక ముక్క తిన్నాడు. అందరం చూస్తున్నాం.

"ఎలా ఉంది?" అడిగింది అమ్మ.

"బాగుంది అత్తమ్మా."

అమ్మ తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. ఆగింది. "ఉప్పేది?"

అందరూ నా వైపు చూశారు. మసాలా పట్టించింది నేను. పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి. ఉప్పు. ఉప్పు వేసినట్టు గుర్తు లేదు. నేను వేసే ఉంటానని అమ్మా వేయలేదు.

అమ్మ బావ వైపు తిరిగింది. "ఉప్పు లేని వేపుడు బాగుందా? ఆ రోజు ఇరవై మంది ముందు చెప్పారు కదా, ఇవాళ ఎవరూ లేరు, ఇప్పుడు చెప్పరేం?"

నాలుగో నియమం కూడా పోయింది. పోగొట్టింది అమ్మే.

బావ పళ్ళెంలోకి చూసుకుంటూ అన్నాడు. "భయమైతుంది అత్తమ్మా."

అమ్మ పళ్ళెం కింద పెట్టింది. తర్వాత అమ్మ భుజాలు కదిలాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మ నవ్వితే చప్పుడు రాదు, ఊగుతుంది. "నేనంటే భయమా? మా ఆఫీసులో అటెండరుకి కూడా లేదు."

"మా ఇంట్ల తప్పు చెప్తేనే మెచ్చుకున్నట్టు అత్తమ్మా. మా అమ్మ అయితే ఏం చెప్పకపోతే తినలేదనుకుంటది. ఇక్కడ అట్ల కాదని పెళ్ళైనంక తెలిసింది."

"పులుసు అంత తియ్యగా ఉందా?"

బావ అక్కని చూశాడు. అక్క నన్ను చూసింది. నేను నాన్నని చూశాను. నాన్న గోడని చూశారు.

"పాయసమనుకున్న" అన్నాడు బావ.

అమ్మ లేచింది. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి, గడప మీదుగా వంగి, తన చేత్తో బావ ముక్కల మీద చల్లింది. తర్వాత తన పళ్ళెంలో. కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. ముప్ఫై రెండు పుల్లల ముక్కల్లో మాకు మిగిలినవి నాలుగు.

ఫలితం: బొగ్గుల మీద వండినవి సున్నా. నియమాలు నాలుగు, మిగిలినవి సున్నా.

అక్క గిన్నెలు కడుగుతూ పాడింది. బాగా పాడలేదు.

జూలై 25, శుక్రవారం

శ్రావణం వచ్చింది. అక్కని తీసుకెళ్ళడానికి బావ వచ్చాడు, గడప దాటి, సోఫా దాకా. అమ్మ కాఫీ తెచ్చి తనే ఇచ్చింది. "చక్కెర తక్కువే వేశాను" అంది. బావ తాగి, "జర ఎక్కువే ఉంది" అన్నాడు. నాన్నకు పొలమారింది. అమ్మ మాత్రం కప్పు తీసుకుని లోపలికి వెళ్ళింది. వంటింట్లో ఊగుతోంది, నేను చూశాను.

అక్క వెళ్ళాక ఇల్లు ఖాళీగా ఉంది. మంచం కింద కూడా ఖాళీ. గ్రిల్లు వాళ్ళతో పాటు నిజాంపేట వెళ్ళింది. కాలు బాగు చేయిస్తాడట.

జూలై 26, శనివారం. సాయంత్రం 5.30

అక్క ఫోన్ చేసింది. రేపు అందరం రమ్మంటున్నారు చంద్రమ్మ గారు. వాళ్ళ డాబా రెండంతస్తులే, గాలి తక్కువ. కాలు బాగైంది.

కొత్త సంకల్పం: శ్రావణంలో ప్రతి ఆదివారం నిజాంపేట డాబా మీద గ్రిల్లు. మాంసం లేదు కాబట్టి మొక్కజొన్న పొత్తులు, పనీరు, వంకాయలు. ఈసారి తప్పకుండా. బొగ్గులే, గ్యాసు ససేమిరా.

నియమం 1. ఉప్పు.

నియమం 2 ఆలోచిస్తుండగా అమ్మ నా గది గుమ్మంలో నిలబడి మధు నంబరు అడిగింది. అక్కనే అడగొచ్చుగా అన్నాను. "దానికేం తెలుసు" అంది. చెప్పాను. డయల్ చేసింది. ఇప్పుడు హాల్లో మాట్లాడుతోంది, గోడ ఇవతలికి అంతా వినిపిస్తోంది, అందుకని రాస్తున్నాను.

"మధూ, నేనండీ, అత్తయ్యని. అది కాదు, పొత్తుల సంగతి తర్వాత. మీ డాబా మీద సాయంత్రం పూట గాలి ఎటునుంచి వస్తుందో ఇప్పుడు పైకి వెళ్ళి చూసి చెప్తారా? నేను లైన్లోనే ఉంటాను."